ఆరో భాగం పేరెత్తితే చాలు

రెసిడెంట్ ఈవిల్ అనే హారర్ వీడియో గేమ్ సిరీస్‌లో ఆరో భాగం వచ్చింది 2012లో. అది బాగుందా, చెత్తా అన్న గొడవ ఇంకా తెగలేదు. ఎవరో పాపం "కొత్తగా మొదలుపెడుతున్నా, ఎలా ఉంటుంది?" అని అడుగుతారు. అంతే, ఆట సంగతి గాలికి. ఒకాయన "భయం తీసేసి, యాక్షన్ నింపి సిరీస్‌ని చంపేసింది" అంటాడు, ఇంకొకాయన "నీకు ఆడటం రాదు" అంటాడు.

చంపేస్తే 2017లో ఏడో భాగం ఎలా వచ్చింది బాబూ? పైగా యాక్షన్ అంతా ఆరుతోనే మొదలైనట్టు మాటలు! 2005లో నాలుగో భాగంలో హీరో లియోన్ ఊళ్లోవాళ్లని గిర్రున తిరిగి తన్నుతుంటే చప్పట్లు కొట్టింది వీళ్లే కదా. ఐదులో హీరో క్రిస్ ఏకంగా బండరాయినే పిడిగుద్దులు గుద్దాడు. అప్పుడేమైంది ఈ భయం మీద బెంగ?

వెనకేసుకొచ్చేవాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? జాంబీలు మీదికొస్తుంటే ఈ ఆరో భాగం మనల్ని పోలీసు కారులో కూర్చోబెట్టి, కెమెరా తిప్పుతూ తాళంచెవి వెతకమంటుంది. అడుగడుక్కీ బటన్లు టపటపా నొక్కిస్తుంది. దీన్ని కూడా గొప్ప డిజైన్ అంటే ఏం చెప్తాం? క్రిస్ కథలో శత్రువులే తుపాకులు పట్టుకుని ఎదురు కాలుస్తుంటే ఇక హారర్ ఎక్కడేడిసింది!

కానీ పక్కకి దూకి, వెల్లకిలా పడి, లేవకుండా అక్కణ్ణుంచే కాల్చే ఆ కదలికలున్నాయే, నా మటుకు సిరీస్‌లో వాటికి సాటి లేదు. గడువులోగా వీలైనంతమంది శత్రువుల్ని చంపే మెర్సినరీస్ మోడ్ ఒక్క రౌండ్ ఆడితే తెలుస్తుంది. ఈ మాటంటే రెండు వర్గాలూ కలిసి నా మీద పడతాయి. ఆ ఒక్క విషయంలో మాత్రం భలే ఐకమత్యం.