పిల్లాడికి భాష రాదనే ముందు

అడ్మిషన్ల సీజన్ వచ్చిందంటే విశాఖలోని మధురవాడ, ఎంవీపీ కాలనీ అపార్ట్‌మెంట్లలో ఒకటే టెన్షన్. మూడేళ్ల పాపకి రంగులు, పళ్లు, జంతువుల పేర్లు ఇంగ్లీషులో వచ్చాయా లేదా? బడిలో చేర్చుకునేటప్పుడు పిల్లల్నీ తల్లిదండ్రుల్నీ వడపోయకూడదని విద్యా హక్కు చట్టం 2009లోనే చెప్పింది. 13వ సెక్షన్ చూడండి, మొదటిసారి తప్పుకి 25 వేల దాకా జరిమానా కూడా ఉంది. అయినా వడపోత ఆగలేదు, 'ఇంటరాక్షన్' అని పేరు మార్చుకుంది. ఇక చేపల రేవు వైపు బడులకి వెళ్తే ఇంకో మాట వినిపిస్తుంది. "ఈ పిల్లలకి భాషే రాదండీ, నోరు విప్పరు" అని.

రెండూ వేర్వేరు మాటల్లా కనిపిస్తాయి గానీ వాటి వెనకున్న నమ్మకం ఒక్కటే. పెద్దవాళ్లు ఎదురుగా కూర్చోబెట్టుకుని, వస్తువు చూపించి, పేరు అడిగి, జవాబు దిద్దితేనే పిల్లలకి భాష వస్తుందని. చదువుకున్న మధ్యతరగతి ఇళ్లలో అలాగే జరుగుతుంది కాబట్టి ప్రపంచమంతా అంతే అనుకుంటాం. కాదు.

పాపువా న్యూగినీలోని కలూలీ తల్లులు చంటిపిల్లని తమవైపు తిప్పుకుని ఊసులాడరు. బయటికి, నలుగురి వైపు తిప్పి కూర్చోబెట్టుకుని, పిల్ల తరఫున తామే సన్నగా గొంతు మార్చి మాట్లాడతారు. బిడ్డ నోట 'అమ్మ', 'రొమ్ము' అనే అర్థం వచ్చే మాటలు పలికాకే 'ఇలా అను' అని నేర్పడం మొదలవుతుంది. సమోవాలో పిల్లవాడి ముద్దుమాటని పెద్దలు ఊహించి పూర్తి చేయరు. అర్థం కాకపోతే మళ్లీ చెప్పమంటారు, లేదా వదిలేస్తారు. బాంబీ షీఫెలిన్, ఎలినార్ ఓక్స్ అనే ఇద్దరు మానవ శాస్త్రవేత్తలు 1980లలో ఇవన్నీ రాసేదాకా, అమెరికన్ తల్లి చేసేదే ప్రకృతి సహజమని భాషావేత్తలు కూడా నమ్మేవారు. మెక్సికోలోని ఒక సెల్తాల్ మాయా గ్రామంలో మూడేళ్లలోపు పిల్లలతో నేరుగా మాట్లాడేది గంటకి సగటున నాలుగు నిమిషాలు కూడా లేదని 2020లో అచ్చయిన ఒక అధ్యయనం తేల్చింది. అయినా మొదటి మాట, మాటలు కలపడం లాంటివి అక్కడి పిల్లలకి మిగతా చోట్ల లాగే దాదాపు అదే వయసుకి వచ్చేస్తున్నాయి. చుట్టూ పెద్దవాళ్లు మాట్లాడుకుంటుంటే వింటూ నేర్చుకుంటున్నారు.

కలూలీ తల్లి మనకేమీ దూరపు చుట్టం కాదు. గుమ్మంలోకి ఎవరైనా రాగానే మనవణ్ని వాళ్లవైపు తిప్పి "'అత్తా, దా, కూచో' అను" అనే నానమ్మ చేసేదీ అదే పని. "మా నాన్న నాకేమీ తేలేదని చెప్పు తాతకి" అని పసివాడి నోటితో కొడుకుని దెప్పిపొడిచేదీ ఆవిడే. మన పిల్లలు వస్తువుల పేర్ల కన్నా ముందు, ఎవరిని ఏ వరసతో పిలవాలో, ఎవరి దగ్గర 'అండి' కలపాలో నేర్చుకుంటారు. ఈ నేర్పరితనానికి ఇంటరాక్షన్‌లో ఒక్క మార్కు లేదు.

'నోరు విప్పరు' అన్న ఫిర్యాదు దగ్గర కాస్త ఆగాలి. అమెరికాలోని కరొలైనా ప్రాంతంలో షిర్లీ బ్రైస్ హీత్ అనే పరిశోధకురాలు దాదాపు పదేళ్లు రెండు శ్రామిక వాడల్లో తిరిగి, పిల్లలతో పెద్దలు ఎలా మాట్లాడతారో గమనించారు. నల్లజాతి వాడలో "ఇది ఏమిటి?" అని పిల్లల్ని పెద్దగా అడగరు. అడిగేవాడికి జవాబు తెలిసినప్పుడు అడగడం దేనికి? "అది దేనిలా ఉంది?" అని అడుగుతారు, నిజంగా తెలియని సంగతి అడుగుతారు. అలా పెరిగిన పిల్లలు బడికెళ్లగానే టీచర్ ఎర్ర బంతి చేతిలో పట్టుకుని ఇదేం రంగు అంటుంది. కళ్లున్న మనిషి ఎందుకడుగుతోందో పిల్లలకి అర్థం కాక మౌనంగా ఉంటారు. టీచర్ వాళ్లని మందబుద్ధులని రాసుకుంటుంది.

మన రేవు పిల్లల సంగతి నాకు ఇలాగే కనిపిస్తుంది. తెల్లవారకుండానే ఫిషింగ్ హార్బర్‌లో వేలం పాట మధ్య తిరిగే పిల్లకి వంజరానికీ చందువకీ తేడా, ఏ పడవకి ఏం పడింది, ఎవరు ధర తగ్గించి అడుగుతున్నారు అన్నీ తెలుసు. అమ్మ బేరం తెగ్గొడుతుంటే పక్కనుంచి మాట అందిస్తుంది. అదే పిల్ల తరగతిలో "ఏటి టీచరుగారూ" అనగానే ముందు ఆ 'ఏటి'ని సరిచేస్తాం. రెండోసారి ఎందుకు మాట్లాడుతుంది? వాళ్లకి అన్నీ వచ్చేసినట్టే అనడం లేదు. పుస్తకం భాష, రాత భాష వేరే విద్య, దాన్ని నేర్పాల్సిందే. కానీ నేర్పాల్సిన కొత్త విద్యకీ పిల్లలో లోపానికీ తేడా ఉంది.

ఇక అపార్ట్‌మెంట్ వైపు. ఇంగ్లీషు రావాలని చేతిలో ఫోన్ పెట్టి రైమ్స్ వేస్తున్నారు. 2003లో ప్యాట్రీషియా కూల్ బృందం తొమ్మిది నెలల అమెరికన్ పిల్లలకి చైనా మాండరిన్ వినిపించింది. మనిషి ఎదురుగా కూర్చుని ఆడించిన పిల్లలు 12 సార్లలోనే ఆ భాష ధ్వనుల తేడాలు పట్టేశారు. అవే వీడియోలో చూసిన పిల్లలకి ఏమీ అంటలేదు. చెవి పదునుగా ఉండే కాలం కూడా తక్కువే. ఇంగ్లీషు ఇళ్ల పిల్లలు ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో హిందీ 'త', 'ట'ల తేడా వినగలరనీ, ఏడాది నిండేసరికి ఆ శక్తి బాగా తగ్గిపోతుందనీ 1984లోనే తేలింది. రెండు భాషలైతే పిల్లాడు తికమకపడతాడని ఇంట్లో తెలుగు ఆపేసే తల్లిదండ్రులకి ఒక మాట. కలగలిపి మాట్లాడటం తికమక కాదు, రెండు భాషల మధ్య పెరిగే పిల్లలు ఎక్కడైనా చేసే పనే. వచ్చిన భాష ఆపేసి, తమకే సరిగా రాని భాషలో నాలుగు ముక్కలు చెప్పడం వల్ల పిల్లకి రెండు వైపులా నష్టం.

భాష అంటుకోవడానికి అవసరం ఉండాలి. ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ అమ్మే కుర్రాడు బెంగాలీ టూరిస్టులతో వాళ్ల భాషలోనే బేరమాడతాడు, ఎవరూ నేర్పలేదు. నేవీ క్వార్టర్స్‌లో ఏళ్ల తరబడి ఉన్న పిల్లలు చాలామందికి తెలుగు రాదు. హిందీ, ఇంగ్లీషులతో పని గడిచిపోతుంది మరి. వీళ్లలో ఎవరికి తెలివి ఎక్కువ అన్న ప్రశ్నే లేదు.

మాధ్యమం గొడవలో ఈ సంగతులేవీ వినిపించవు. 2019లో సర్కారు బడులన్నిటా ఇంగ్లీషు మీడియం అన్నారు, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ జీవో కొట్టేసింది. వాదనంతా తెలుగా ఇంగ్లీషా అనే సాగింది. అరకు, పాడేరు కొండల్లో కువి, ఆదివాసీ ఒడియా మాట్లాడే పిల్లకి రెండూ పరాయివే. ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కొండ వంటి ఎనిమిది భాషల్లో వాచకాలు చేసి బడులు నడిపారు. అంతకు ముందెప్పుడో గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని, సొంత డబ్బుతో సవర పిల్లలకి బడులు పెట్టారు. ఆగస్టు 29న మనం ఆయనకి వేసే దండల్లో ఆ సవర బడుల ఊసు అంతగా వినపడదు.

హీత్ తన పరిశీలనతో ఊరుకోలేదు, టీచర్లతో కలిసి పనిచేశారు. వాళ్లు పిల్లల వాడ ఫొటోలు తరగతిలో పెట్టి "ఇక్కడ ఏం జరుగుతోంది? నువ్వెప్పుడైనా వెళ్లావా?" అని మొదలుపెట్టారు. మౌనంగా ఉన్న పిల్లలు మాట్లాడారు. ఆ తర్వాతే మెల్లగా బడి ప్రశ్నల్లోకి దింపారు. మన ఒకటో తరగతి గోడకి యాపిల్, జిరాఫీ బొమ్మల పక్కన ఫిషింగ్ హార్బర్ ఫొటో ఒకటి తగిలించడానికి ఏ జీవో అక్కర్లేదు. మొదటి రెండు నెలలు దాని గురించే అడగొచ్చు. ఇదేం రంగు అన్న ప్రశ్న దసరా సెలవుల తర్వాత అడిగినా ఆలస్యమేమీ కాదు.