పురాణ సినిమాకు నోరెందుకు పడిపోయింది?

ఒడిశాలోని గంజాం జిల్లా పల్లెల్లో ప్రహ్లాద నాటకం మొదలైతే తెల్లవారేదాకా సాగుతుంది. దాని వేదిక చదునుగా ఉండదు, మెట్లు మెట్లుగా పైకి లేస్తుంది. హిరణ్యకశిపుడు రాత్రంతా ఆ మెట్లు ఎక్కుతూ దిగుతూ పాడతాడు, గర్జిస్తాడు, భార్యతో వాదిస్తాడు, కొడుకును బుజ్జగిస్తాడు, బెదిరిస్తాడు, మళ్లీ బుజ్జగిస్తాడు. నరసింహుడు వచ్చేది చిట్టచివర. ఆయన ముఖపు తొడుగుకు పూజ చేసి తెస్తారు. అది తొడుక్కున్న మనిషికి పూనకం వస్తుంది, పట్టుకోవడానికి పక్కన మనుషులు సిద్ధంగా ఉంటారు. జనం లేచి దండం పెడతారు. అయితే ఆ రాత్రి పొడవునా వాళ్లు విన్నది రాక్షసరాజు మాటలే. ఈ నాటకం జలంత్ర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద చెలామణిలో ఉంది. జలంత్రకోట ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉంది, నాటకం ఒడియాది, ఆడేది ఎక్కువగా గంజాంలో. రాష్ట్రాల మధ్య గీత గీసినవారు దీన్ని ఏ పక్కన వేయాలో అడిగి ఉంటే ఎవరూ తేల్చి చెప్పగలిగేవారు కాదు.

తెలుగు సినిమా నోరు విప్పింది కూడా ఇదే కథతో. 1932 ఫిబ్రవరిలో విడుదలైన హెచ్.ఎం.రెడ్డి ‘భక్త ప్రహ్లాద’కు ఆధారం సురభి వారి నాటకం. 1967లో మళ్లీ అదే పేరుతో వచ్చిన చిత్రాన్ని జనం ఎస్వీ రంగారావు హిరణ్యకశిపుడి కోసమే గుర్తుపెట్టుకున్నారు. 2025 జులైలో ‘మహావతార్ నరసింహ’ అనే యానిమేషన్ చిత్రం వచ్చింది. అది తెలుగువారు తీసింది కాకపోయినా తెలుగు మాటలతో ఇక్కడా బాగా ఆడింది, పిల్లలు విరగబడి చూశారు. వాళ్లు థియేటర్ నుంచి బయటికి వస్తూ చెప్పుకున్నది గోళ్ల గురించి, జూలు గురించి, స్తంభం పగిలిన తీరు గురించి. హిరణ్యకశిపుడు కొడుకుతో ఏమన్నాడని అడిగితే ఒక్కరికీ గుర్తుండదు. తప్పు పిల్లలది కాదు. గుర్తుండేలా అక్కడ ఎవరూ ఏమీ రాయలేదు.

నేటి పురాణ చిత్రాల మీద వచ్చే విమర్శ ఎక్కువగా కథను మార్చారని. నాకు ఆ గొడవ లేదు. కథ ఎంత మారినా పురాణానికి నష్టం ఉండదు. అందులోని మనుషులు ఒకరితో ఒకరు వాదించుకోవడం మానేసినప్పుడే నష్టం. అది ఒడిశా సరిహద్దులో ఉన్న తెలుగువారికి మిగతావారికన్నా ముందు తగులుతుంది.

ఎందుకంటే మాకు తెలుగు చెవి ద్వారా అందే భాష. పర్లాకిమిడి 1936లో కొత్త ఒడిశా రాష్ట్రంలోకి వెళ్లింది. బడిలో ఒడియా, ఇంగ్లిషు. కొట్ల మీద బోర్డులు ఒడియాలో. ఇంట్లోనూ సంతలోనూ తెలుగు. పక్కనే మహేంద్రతనయ నది, అది దాటితే పాతపట్నం, ఆంధ్ర. పర్లాకిమిడి, కాశీనగర్, బరంపురం వీధుల్లో తెలుగు గడగడా మాట్లాడుతూ తెలుగు అక్షరం ఒక్కటీ చదవలేని కుర్రాళ్లు ఎందరో కనిపిస్తారు. వాళ్ల తాతలూ పెద్దగా చదివినవారు కారు. అయినా శ్రీకృష్ణ రాయబారం పద్యాలు, సుయోధనుడి సంభాషణలు ఆ తాతలకు కంఠతా వచ్చు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చే పద్యనాటక బృందాలు కొంత నేర్పాయి. మిగిలినది పందిట్లో మైకుసెట్టు నేర్పింది. పెళ్లి పందిరి పడితే చాలు, ముందు దేవుడి పాటలు, తర్వాత ‘దానవీరశూరకర్ణ’ మాటల క్యాసెట్టు. సినిమా చూడనివాడికి కూడా కొండవీటి వెంకటకవి రాసిన వాక్యాలు ఎక్కడ విరవాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో తెలిసేది. ఒక రకంగా మా తెలుగు వాచకం అదే.

వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి పక్షాన మాట్లాడుతూ గ్రాంథిక సంభాషణలను వెనకేసుకొస్తున్నానని కొందరు నవ్వవచ్చు. నవ్వనివ్వండి. గ్రాంథికం తిరిగి రావాలని నేను అడగడం లేదు. ‘మాయాబజార్’ మాటల్లో గ్రాంథికం ఎంత? రాజాంలో పుట్టిన పింగళి నాగేంద్రరావు ఘటోత్కచుడి శిష్యులకు ఏ నిఘంటువులోనూ లేని మాటలు పెట్టి నవ్వించారు, అవి ఇప్పటికీ ఊళ్లలో వాడుకలో ఉన్నాయి. 2011లో బాపు రమణలు ‘లవకుశ’ కథనే మళ్లీ ‘శ్రీరామరాజ్యం’గా చెప్పినప్పుడూ మామూలు తెలుగే వాడారు. పాత్రకు చెప్పాల్సిన సంగతి, ఎదుటివాడి మీద ఒక పట్టు ఉంటే మాట ఏ శైలిలో ఉన్నా నిలుస్తుంది.

కథ మార్చే సంగతికి వస్తే, ఈ ప్రాంతం అందులో ఆరితేరింది. గజపతి జిల్లాలో మహేంద్రగిరి ఉంది. శిఖరం దగ్గర యుధిష్ఠిరుడికి, భీముడికి, కుంతికి వేర్వేరుగా రాతి గుళ్లున్నాయి. శివరాత్రికి రెండు రాష్ట్రాల జనం కొండెక్కుతారు. పాండవులు ఇక్కడ ఎప్పుడు తిరిగారని ఎవరూ నిలదీయరు. కర్ణుడు పరశురాముడి దగ్గర అస్త్రవిద్య నేర్చి శాపం తెచ్చుకున్నది మహేంద్రగిరి మీదేనని భారతం చెబుతుంది. కల్కి పురాణం ప్రకారం కల్కికి విద్య చెప్పబోయేదీ ఆ పరశురాముడే, ఆ కొండ మీదే. ‘కల్కి 2898 ఏడీ’లో కర్ణుడినీ కల్కినీ ఒకే సినిమాలో కలిపారని హైదరాబాదులో ఆశ్చర్యపోయారు కానీ మా కొండ వాళ్లిద్దరినీ ఎప్పుడో కలిపింది.

15వ శతాబ్దంలో సారళాదాసు రాసిన ఒడియా భారతం చూస్తే ఇప్పటి దర్శకుల స్వేచ్ఛ పిల్లలాటలా ఉంటుంది. అందులో కృష్ణుడు తొమ్మిది జంతువుల అవయవాలతో నవగుంజరమై అర్జునుడికి కనిపిస్తాడు. యుద్ధం ముగిశాక దుర్యోధనుడు రక్తపు నది దాటడానికి చేతికందిన శవాన్ని తెప్పగా పట్టుకుంటాడు. ఒడ్డు చేరాక చూస్తే అది తన కొడుకు లక్ష్మణ కుమారుడిది. ఇవేవీ వ్యాసుడిలో లేవు, మన కవిత్రయంలోనూ లేవు. అయినా ఒడియావారికి సారళాదాసు ఆదికవి. ఇటు మన ‘మాయాబజార్’ శశిరేఖా పరిణయం కూడా వ్యాసుడికి తెలియని కథే. పైగా భారత కథ తీస్తూ పాండవులను తెర మీదికే రానివ్వలేదు. 1957లో దాని మీద ఎవరూ కోర్టుకు వెళ్లలేదు.

మరి 2023లో ‘ఆదిపురుష్’కు ఏమైంది? రావణుడి వేషం మీద, గ్రాఫిక్స్ మీద విసుర్లు చాలానే పడ్డాయి. విడుదలైన కొద్ది రోజులకే నిర్మాతలు హడావుడిగా దిద్దింది మాత్రం హిందీ సంభాషణలను. లంకలో హనుమంతుడు వీధి రౌడీలా మాట్లాడటం జనానికి మింగుడు పడలేదు. హనుమంతుడంటే రామాయణంలో మాట తెలిసినవాడు. మొదటిసారి కలిసినప్పుడే అతని మాటతీరును రాముడు లక్ష్మణుడి ముందు మెచ్చుకుంటాడు. గద లేని హనుమంతుడిని ఊహించుకోవచ్చు, మాట రాని హనుమంతుడిని ఎలా ఊహించుకుంటాం? ఆ సినిమాను హిందీ, తెలుగు భాషల్లో ఒకేసారి తీశామన్నారు. రెండింటిలోనూ మాట చివరి నిమిషపు పనిలాగే వినిపించింది.

ఇన్ని భాషల్లో విడుదల చేయాలి కదా, ఏ భాషలోకైనా ఒదిగే మాటలే రాయాలి కదా అని సినిమావాళ్లు అంటారు. ఒకే షాట్ మీద ఐదు భాషల పెదవులు కలవాలంటే వాక్యం పొట్టిగా ఉండాలి, సామెత ఉండకూడదు, పద్యం అసలు కుదరదు. ఆ ఇబ్బంది నిజమే. కానీ ‘మాయాబజార్’, ‘లవకుశ’ రెండూ తెలుగు, తమిళ భాషల్లో జంటగా తయారైన చిత్రాలే. ‘మాయాబజార్’ దర్శకుడు కె.వి.రెడ్డి తెలుగుకు పింగళిని, తమిళానికి తంజై రామయ్యదాసును పెట్టుకున్నారు. ఒకరి మాటలను మరొకరికి అతికించలేదు. ఇప్పుడు ఒక పోరాట దృశ్యానికి పదుల కోట్లు పోసేవారికి భాషకొక రచయితను మొదటి రోజు నుంచి కూర్చోబెట్టడం భారమా? భారం కాదు. అవసరమని అనిపించడం లేదు, అంతే.

దీనికి రెండో కారణం డబ్బు కన్నా గట్టిది. వాదం పెడితే ఎవరో ఒకరి మనోభావాలు దెబ్బతింటాయి. 1977లో ఎన్టీ రామారావు ‘దానవీరశూరకర్ణ’ తీసి కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ తానే వేశారు. అప్పటికి ఆయన తెర మీద తిరుగులేని కృష్ణుడు. ఆ కృష్ణుడిని పక్కన పెట్టి, అస్త్రవిద్యా ప్రదర్శనలో సూతపుత్రుడని కర్ణుడిని వెళ్లగొట్టబోతే అడ్డుపడే దుర్యోధనుడికి సినిమాలోకెల్లా గొప్ప సంభాషణ ఇచ్చారు. భీష్ముడి పుట్టుక, ద్రోణుడి పుట్టుక, కురువంశపు పెద్దల పుట్టుపూర్వోత్తరాలు అన్నీ నిండు సభలో తవ్విపోసి కులమెక్కడిదని అడిగిస్తారు. తెలుగునేల మీద దానికి చప్పట్లు పడ్డాయి. మా పందిళ్లలో మోగినదీ అదే భాగం. దుర్యోధనుడు గెలవడని అందరికీ తెలుసు, గెలవాలని ఎవరూ కోరుకోలేదు. అయినా ఆ ప్రశ్నకు సభలో జవాబు లేదని కూడా అందరికీ తెలుసు. ఈ రోజు అలాంటి సంభాషణ రాసిన రచయితను నిర్మాత ఎంతసేపు గదిలో కూర్చోనిస్తాడు? కత్తులు దూసుకుంటే ఏ సంఘమూ ధర్నా చేయదు కాబట్టి, కత్తులు దూయడమే క్షేమం. అందుకే ఇటీవలి చిత్రాల్లో పురాణం నుంచి ముందుగా తెచ్చుకునేది ఆయుధం, మణి, శక్తి. ‘హనుమాన్’లో అయినా ‘మిరాయ్’లో అయినా కథానాయకుడికి దొరికేది బలం. అతనికి పురాణం నుంచి ఒక్క చిక్కుప్రశ్న కూడా దొరకదు. ఆ రెండూ సరదాగా చూడదగిన సినిమాలే, ఆ మాట ఒప్పుకోవాలి.

‘కల్కి 2898 ఏడీ’ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 2024లో నాగ్ అశ్విన్ చేసిన సాహసం చిన్నది కాదు. భారతంలో అశ్వత్థామకు కృష్ణుడిచ్చిన శాపం మూడు వేల ఏళ్లు తిరుగాడమని. దాన్ని కలియుగాంతం దాకా సాగదీసి, గర్భంలోని శిశువు మీద అస్త్రం వేసినవాడికే మరో గర్భాన్ని కాపాడే పని అప్పగించారు. సారళాదాసు చూస్తే భుజం తట్టేవాడు. సినిమాలో ఎక్కువ భాగం వాహనాలు, తుపాకులు, హాస్యం పేరుతో కాలయాపన. చివర్లో కథానాయకుడు భైరవ చేతిలోకి విల్లు వస్తుంది, అతను కర్ణుడని బయటపడుతుంది. అప్పుడతను అశ్వత్థామను ఆచార్య పుత్రా అని పిలిచి, ఆలస్యమైందా అని అడుగుతాడు. థియేటర్లు ఊగిపోయాయి.

ఆ కాస్త మాటకు అంత ఊపు ఎక్కడిది? భారతంలో వీళ్లిద్దరికీ సరిపడదు. ఉత్తర గోగ్రహణం వేళ కర్ణుడు గొప్పలు పోతే అశ్వత్థామ కడిగి వదులుతాడు. ద్రోణపర్వంలో మేనమామ కృపుడిని కర్ణుడు తూలనాడితే కత్తి దూసి మీదికి పోతాడు. కర్ణుడికి ద్రోణుడి అండ దొరకలేదు, అశ్వత్థామకు పుట్టుకతోనే దొరికింది. అలాంటి సూతపుత్రుడు వేల ఏళ్ల తర్వాత ఆచార్య పుత్రుడిని ఎకసెక్కం లేకుండా, ఆప్తుడిని పిలిచినట్టు పిలిచాడు. ఇది వ్యాసుడిలో లేని కొత్త రాత, కానీ వ్యాసుడు తెలిసినవాడు రాసిన రాత. అంతసేపు చూసిన గ్రాఫిక్స్ చేయలేని పని ఒక్క సంబోధన చేసింది. బరంపురంలో ఒడియా బడిలో చదివిన కుర్రవాడు ఆ మాటను తెలుగులోనే పదేపదే అనుకరిస్తాడు, హిందీలో చూసినవాడు కూడా తెలుగులో ఎలా అన్నారని అడుగుతాడు. జనానికి ఇప్పుడు మాటలు వినే ఓపిక లేదన్న వాదన ఇక్కడే వీగిపోతుంది.

రెండో భాగం రావాల్సి ఉంది. గర్భవతి సుమతి పాత్రలో దీపికా పదుకొణె ఇక ఉండరని నిర్మాణ సంస్థ 2025లోనే ప్రకటించింది. ఎవరు వేసినా సరే, ఆ పాత్ర నోట ఒక ప్రశ్న రావాలి. తనకు కాపలా కాస్తున్న ముసలివాడు ఒకప్పుడు నిద్రలో ఉన్న ఉపపాండవుల గొంతులు కోశాడు, ఉత్తర కడుపులోని బిడ్డ మీద బ్రహ్మాస్త్రం వేశాడు. కడుపుతో ఉన్న స్త్రీ ఆ సంగతి విన్నాక అతని పక్కన ఎలా నిద్రపోతుంది? అతను చేసినదానికి ఏం చెప్పుకుంటాడు? తండ్రిని మోసంతో చంపారని అంటాడా? అంటే, ఆ మోసంలో భాగమున్న కృష్ణుడి అవతారమే ఆమె కడుపులో ఉంది కదా, అప్పుడామె ఎవరి పక్షం వహిస్తుంది? ఆ సన్నివేశానికి పది నిమిషాలు, ఇద్దరు నటులు, ఒక మంచి తెలుగు రచయిత చాలు. హిందీకి వేరే రచయితను పెట్టుకోవచ్చు.