పక్కింటి దేవుడి మీదైతే పూర్తి స్వేచ్ఛ

భావ ప్రకటనా స్వేచ్ఛకు నా సంపూర్ణ మద్దతు. షరతు ఒక్కటే: కార్టూన్ పక్కింటివాళ్ల దేవుడి మీద ఉండాలి. బుద్ధి సంకుచితం అంటారేమో. పెద్ద పెద్ద సంస్థలు పాటించే పద్ధతే ఇది, నేను పైకి చెప్తున్నానంతే.

డెన్మార్క్ సంగతే చూడండి. 2005 సెప్టెంబరు 30న యూలాండ్స్-పోస్టెన్ పత్రిక ముహమ్మద్ ప్రవక్త మీద 12 కార్టూన్లు అచ్చేసి, ప్రజాస్వామ్యంలో ఉన్నాక ఎగతాళిని భరించక తప్పదని ముస్లింలకు హితబోధ చేసింది. 2003లో ఇదే పత్రికకు ఒక కార్టూనిస్టు ఏసుక్రీస్తు పునరుత్థానం మీద బొమ్మలు పంపితే, పాఠకులకు నచ్చవు, గోల అవుతుంది అని ఎడిటర్ తిప్పికొట్టాడు. గిట్టనివాళ్లు దీన్ని ద్వంద్వ నీతి అంటారు. చందాదారుల్లో ఏ దేవుడి భక్తులు ఎక్కువో చూసుకుని నవ్వడాన్ని నేనైతే వృత్తి నైపుణ్యం అంటాను.

అవతలివాళ్లూ తక్కువేం తినలేదు. కొందరు డేనిష్ ఇమాములు ఈ బొమ్మల ఫైలు పట్టుకుని పశ్చిమాసియాకు బయల్దేరారు. పన్నెండూ చాలవనుకున్నారో ఏమో, పత్రిక వెయ్యని బొమ్మలు ఇంకో మూడు అందులో పెట్టారు. వాటిలో ఒకటి, ఫ్రాన్స్‌లో ఒక పల్లెటూరి పంది అరుపుల పోటీలో మూతికి ముట్టె తగిలించుకున్న గడ్డపాయన ఫొటో. పాపం, ఆయనకు ప్రవక్తతోనూ, డెన్మార్క్‌తోనూ ఏ సంబంధమూ లేదు. 2006 ఫిబ్రవరికల్లా డమాస్కస్‌లో డేనిష్ రాయబార కార్యాలయం తగలబడింది, సౌదీ షాపుల్లో డేనిష్ వెన్న మాయమైంది. మనోభావాలు దెబ్బతిన్నప్పుడు వెన్న ఏం పాపం చేసిందని అడక్కూడదు.

2015 జనవరి 7న పారిస్‌లో, ప్రవక్త మీద కార్టూన్లు వేసిన వ్యంగ్య పత్రిక షార్లీ ఎబ్డో మీద దాడిలో 12 మంది చనిపోయారు. దాని మీద నాకు వెటకారం లేదు. నా భక్తి అంతా నాలుగు రోజుల తర్వాత పత్రికకు మద్దతుగా జరిగిన ర్యాలీ మీద. జనం ఒక చోట, దేశాధినేతలు వాళ్లకు దూరంగా ఖాళీ చేయించిన వీధిలో, చేయీ చేయీ కలిపి ఫొటోకి. సౌదీ మంత్రి కూడా వచ్చాడు. సరిగ్గా రెండు రోజుల ముందే ఆయన దేశంలో, జెడ్డాలో, మతాన్ని అవమానించాడని రైఫ్ బదావీ అనే బ్లాగర్‌కు 50 కొరడా దెబ్బలు కొట్టారు. శిక్ష మొత్తం 1000, మిగతావి వాయిదా. ఇక ఆతిథ్యమిచ్చిన ఫ్రాన్స్, ర్యాలీ అయిన మూడో రోజుకే ఫేస్‌బుక్ పోస్టు పెట్టాడని ద్యూదొనే అనే కమెడియన్‌ను అరెస్టు చేసింది.

మనకు ఇంత కష్టం లేదు. మత మనోభావాలను కావాలని దెబ్బతీస్తే శిక్షించమని 1927లో తెల్లదొరలు పెట్టిన సెక్షన్ 295-ఎ ఉండనే ఉంది. వలస చట్టాలకు సెలవు అంటూ తెచ్చిన న్యాయ సంహితలో అది 299 నంబరు వేసుకుని భద్రంగా కూర్చుంది. అదే 2015 జనవరిలో షార్లీ ముఖచిత్రం అచ్చేసిన ఒక ఉర్దూ పత్రిక ముంబై ఎడిటరమ్మ క్షమాపణ చెప్పినా అరెస్టు తప్పలేదు.

అయితే నా ఓటు అమెరికన్లకే. డేనిష్ కార్టూన్ల గొడవ మీదే రాసిన పుస్తకాన్ని 2009లో యేల్ యూనివర్సిటీ ప్రెస్ ఆ కార్టూన్లు తీసేసి అచ్చేసింది. న్యూయార్క్ టైమ్స్ ఇంకో మెట్టు పైకెక్కింది. 2019లో అంతర్జాతీయ ఎడిషన్‌లో నెతన్యాహు మీద యూదు వ్యతిరేక కార్టూన్ ఒకటి పడి గోలైతే, క్షమాపణ చెప్పి, జులై నుంచి ఆ ఎడిషన్‌లో రాజకీయ కార్టూన్లే ఎత్తేసింది. దాంతో అక్కడ రెగ్యులర్‌గా గీస్తున్న ఇద్దరికీ పని పోయింది. గొడవ తెచ్చిన బొమ్మ గీసింది ఆ ఇద్దరిలో ఎవరూ కాదు.