థర్మోస్టాట్ పీకేస్తే ఇంజన్ చల్లబడుతుందా?

ఎండలు ముదరగానే వాట్సాప్‌లో ఈ సందేశం మళ్లీ బయల్దేరింది. మా బావగారే రెండుసార్లు పంపారు: "కారు వేడెక్కుతోందా? థర్మోస్టాట్ వాల్వు తీసి పారేయండి. కూలెంటు కంపెనీల వ్యాపారం, మంచినీళ్లు చాలు. ముల్లు ఎర్రగీత దాటితే వెంటనే రేడియేటర్ మూత తీసి చన్నీళ్లు పోయండి."

కూలెంటు అంటే ఇంజన్ వేడిని రేడియేటర్‌కు మోసుకెళ్లే ద్రవం; థర్మోస్టాట్ అంటే ఇంజన్ వేడెక్కేదాకా ఆ దారిని మూసి ఉంచే వాల్వు. చివరి సలహా చేతులు కాల్చేది కాబట్టి ముందు దాని సంగతి. రేడియేటర్ మూత ఒత్తిడిని బిగబట్టి ఉంచుతుంది. దాదాపు ఒక బార్ అదనపు ఒత్తిడిలో నీరు 120 డిగ్రీల దాకా మరగదు. మూత తిప్పారో, అదంతా ఒక్కసారిగా ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. ఆవిరి పోకుండా కుక్కర్ మూత తీస్తామా? పైగా కాగి ఉన్న సిలిండర్ హెడ్‌కు (ఇంజన్ పైభాగానికి) చన్నీళ్లు తగిలితే అది పగలవచ్చు. బండి పక్కకు తీసి, ఇంజన్ ఆపి, రేడియేటర్ పైగొట్టం చల్లబడేదాకా ఆగాలి. అరగంట పైనే పట్టవచ్చు.

ఇక థర్మోస్టాట్. చాలా కార్లలో ఇది 80-90 డిగ్రీల మధ్య తెరుచుకుంటుంది. తీసేస్తే ఇంజన్ వేడెక్కడానికి ఎక్కువసేపు పడుతుంది, ఆ మేరకు పెట్రోలు ఎక్కువ తాగుతుంది. అసలు తిరకాసు మరొకటి: చాలా ఇంజన్లలో రేడియేటర్‌ను తప్పించి పోయే బైపాస్ దారిని మూసేదీ ఈ వాల్వే. అది లేకపోతే వేడి కూలెంటు కొంత రేడియేటర్‌కు వెళ్లకుండానే ఇంజన్లోకి తిరిగొస్తుంది. మే నెల ఎండలో ఎత్తు ఎక్కేటప్పుడు వేడి తగ్గకపోగా పెరగవచ్చు.

అనుమానముంటే పరీక్షించండి. నా కారుకు ఇదే సలహా వస్తే, వాల్వు విప్పించి, దారం కట్టి, పొయ్యి మీద నీళ్ల గిన్నెలో అడుగు తగలకుండా వేలాడదీశాను. పక్కన థర్మామీటరు. వాల్వు మీద 82 అని ఉంది. ఆ వేడికి అటూఇటూగా నోరు తెరిచింది. దోషం దానిది కాదు, రేడియేటర్ ఫ్యానుకు కరెంటు అందించే స్విచ్చుది (రిలే). నిజానికి సూచన ముందే ఉంది: ట్రాఫిక్‌లోనే ముల్లు పైకెక్కేది, హైవే మీద ఎదురుగాలి తగిలి దిగేది. హైవే మీదే వేడెక్కితే రేడియేటర్ పూడికనో, సగమే తెరుచుకునే వాల్వునో, వాటర్ పంపునో చూడాలి. కింద చుక్క పడకుండా కూలెంటు తగ్గుతూ, సైలెన్సర్ నుంచి తెల్లపొగ ఆగకపోతే హెడ్ గాస్కెట్‌ను (హెడ్‌కూ ఇంజన్ బ్లాకుకూ మధ్య ఉండే సీలును) అనుమానించాలి.

నీళ్ల మాటలో సగం నిజముంది. వేడిని మోయడంలో నీరే మేలు. కానీ తుప్పును ఆపే మందులు కూలెంటులోనే ఉంటాయి. బోరు నీళ్లు గీజర్లో పేర్చే తెల్లపొర రేడియేటర్ సన్నగొట్టాల్లోనూ పేరుకుంటుంది. దారిలో గతిలేకపోతే, ఇంజన్ చల్లారాక నీళ్లు పోసి షెడ్డు దాకా వెళ్లండి. అక్కడ మొత్తం కడిగించి, కంపెనీ చెప్పిన కూలెంటును డిస్టిల్డ్ వాటర్‌తో కలిపి నింపించండి.