ఆఖరి మజిలీకి న్యాయం కావాలి

మన దేశంలో నదీజలాల మీద కమిషన్లు వేశారు, జీతాల మీద వేశారు, ఆలస్యమైన కమిషన్ల మీద ఇంకో కమిషన్ కూడా వేసే ఉంటారు. ఒక్క అన్యాయం మాత్రం ఇంతవరకు ఎవరి కంటా పడలేదు. వీపున సంచి తగిలించుకుని దేశం తిరిగే కుర్రకారు, యాత్ర ముగిసే ముందు అడుగుపెట్టే మహానగరానికి చేస్తున్న అన్యాయం అది. ఈ కేసులో నేనూ ముద్దాయినే. కాబట్టి సాక్షిగా నాకంటే తగినవాడు దొరకడు.

మేము నలుగురం. విజయనగరంలో ఒకే కాలేజీలో చదివి, ఒకే టీకొట్టు బల్ల మీద పదేళ్ళపాటు భవిష్యత్తు గురించి మాట్లాడి, ముప్పై దగ్గర పడుతుండగా హఠాత్తుగా దేశం చూడాలన్న జ్ఞానోదయం కలిగినవాళ్ళం. మొత్తం ఇరవై మూడు రోజులు. ఢిల్లీ, ఆగ్రా, అమృత్‌సర్, మనాలి, రుషీకేశ్, కాశీ, ఆఖరున కలకత్తా. ఈ పట్టికలో కలకత్తా ఎందుకు చేరిందంటే హౌరాలో విజయనగరానికి రైలు దొరుకుతుంది గనుక. కోటికి పైగా జనం బతుకుతున్న నగరాన్ని మేము రైలు మారే చోటుగా మాత్రమే లెక్కలో రాసుకున్నాం. నేరం అక్కడే మొదలైంది.

ఇలాంటి యాత్రలు మనవాళ్ళకు కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసులో బయలుదేరి కాశీ చూసుకుని, కలకత్తా, పూరీల మీదుగా మన శ్రీకాకుళం, విజయనగరం దాటుకుంటూ 1831 సెప్టెంబరుకు ఇల్లు చేరారు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. దారిలో ఏ ఊళ్ళో ఏమి దొరుకుతుందో, ఏ ఏరు ఎలా దాటాలో ఓపికగా రాసిపెట్టారు. ఆయన పల్లకీలో వెళ్ళారు, మోయడానికి బోయీలున్నారు. మా తరం ఎంత పురోగమించిందంటే, మా పల్లకీని మేమే వీపున మోసుకుంటూ, మోసే భాగ్యం కలిగినందుకు దుకాణంలో నాలుగు వేలు కూడా చెల్లించాం.

బయలుదేరే ముందు మా అమ్మ ఒకే మాట చెప్పింది. "కాశీ వెళ్తున్నారు కదా, ఇష్టమైనది ఏదో ఒకటి వదిలిపెట్టి రండి నాయనా." మా ఖజాంచి కాకరకాయ వదిలాడు. అది వాడు పుట్టాక ఎప్పుడూ ముట్టలేదని మాకందరికీ తెలుసు, గంగమ్మకు తెలియదని వాడి ధీమా. దారి చూపే బాధ్యత తీసుకున్నవాడు పొట్లకాయ వదిలాడు. మనాలిలో మంచు మీద జారి మోకాలు వాచినవాడు ఏమీ వదలనన్నాడు, మోకాలే తనను వదిలేలా ఉందని. నేను వదిలింది ఓర్పు అని కలకత్తా చేరాక గానీ బయటపడలేదు.

కలకత్తాలో మాకు దక్కింది ఒకే ఒక్క రోజు. ఆ రోజు సోమవారం.

ఈ వాక్యంలోని విషాదం అందరికీ అర్థం కాకపోవచ్చు. ఇండియన్ మ్యూజియం 1814లో పుట్టింది, మన దేశంలోకెల్లా పాతది. దానికి సోమవారం సెలవు. విక్టోరియా మెమోరియల్ మ్యూజియానికీ సోమవారమే సెలవు. నలుగురం డిగ్రీలున్నవాళ్ళం, అందులో ఒకడు పోటీ పరీక్షలకు జనరల్ నాలెడ్జి పాఠాలు చెబుతాడు. ఇరవై మూడు రోజుల యాత్రకు రంగురంగుల పట్టిక గీసుకున్నాం. మనాలిలో ఏ కొట్టులో మోమోలు బాగుంటాయో రాసుకున్నాం. సోమవారం తర్వాత మంగళవారం వస్తుందన్న సంగతి తప్ప ఆ వారాల గురించి ఇంకేమీ ఆలోచించలేదు.

మ్యూజియం తలుపు ముందు నిలబడి మా జనరల్ నాలెడ్జి పంతులు, లోపల ఈజిప్టు నుంచి తెచ్చిన మమ్మీ ఉందని చెప్పాడు. వేల ఏళ్ళు ఎదురుచూసింది, ఇంకొక్క రోజు చూడదా అన్నాను. అది చూస్తుంది, రైలు చూడదన్నాడు ఖజాంచి. ఈలోగా మోకాలివాడు దాపున ఒక అరుగు చూసుకుని, క్రేప్ బ్యాండేజీ చుట్టిన కాలు చాపి, చేతులు గుండెల మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. లోపలిదాన్ని చూడలేకపోయామన్న వెలితి చాలావరకు తీరింది.

సంచుల సంగతి కూడా చెప్పాలి. వాటిని స్టేషన్ క్లోక్ రూములో పడేసి హాయిగా తిరగవచ్చు కదా అని మీరు అడుగుతారు. తాళం వేయని సామాను అక్కడ తీసుకోరు. మా నాలుగు సంచుల్లో రెండింటికి జిప్పు అప్పటికే తెగింది. ఒకదాని నోరు తాడుతో కట్టాం, రెండోదాని నోటికి కాశీలో కొన్న తువ్వాలు కుక్కాం. ఆ విధంగా మాసిన బట్టల మూటలు నాలుగు కలకత్తా వీధులన్నీ మాతోపాటు తిరిగి చూశాయి. నిజానికి మాకంటే అవే శ్రద్ధగా చూసి ఉంటాయి.

ఇక విక్టోరియా మెమోరియల్. 1906లో శంకుస్థాపన, 1921లో ప్రారంభం. ఈ మధ్యలో 1911లో రాజధానిని ఢిల్లీకి మారుస్తామని ప్రకటించారు. రాణిగారి పేరున మక్రానా పాలరాయి తెప్పించి అంత భవనం కట్టి, తీరా తలుపులు తెరిచేసరికి రాజధాని ఊరు దాటిపోయింది. మా యాత్రకు ఇంతకంటే దగ్గరి చుట్టం ఇంకోటి ఉండదు. తీరా మేము వెళ్ళేసరికి తలుపులే తెరిచి లేవు. గేటు ఊచల్లోంచి చూస్తూ ఖజాంచి తీర్పు చెప్పాడు.

"ఆగ్రాలో తాజ్‌మహల్ చూశాం కదరా, ఇదీ అదే రాయి."

సరిగ్గా ఈ మాటనే నేను న్యాయస్థానం దృష్టికి తీసుకురావాలనుకుంటున్నాను. ఆఖరి నగరంలో కనబడే ప్రతిదీ ఇంతకుముందే ఎక్కడో చూసినదై ఉంటుంది. హుగ్లీ నది ఒడ్డుకు వెళ్తే, ఇదీ గంగే కదా, కాశీలో మునిగాం అంటారు. పాత మేడలు చూపిస్తే ఢిల్లీలో చూశాం అంటారు. ఇరుకు సందులకు అమృత్‌సర్, జనానికి మళ్ళీ కాశీ. యాత్ర మొదట్లో ఢిల్లీ స్టేషన్ బయట గోలీసోడా బండిని పదకొండు కోణాల్లో ఫోటో తీసినవాళ్ళం మేమే. కళ్ళు అప్పుడూ అవే, ఇప్పుడూ అవే. మధ్యలో ఇరవై రెండు రాత్రులు సరిగా నిద్రపోలేదు, అంతే తేడా.

హౌరా వంతెన దగ్గర జరిగింది కొంచెం వివరంగా చెప్పక తప్పదు. 1943లో జనానికి తెరిచిన వంతెన. పొడవు 705 మీటర్లు, 26,500 టన్నుల ఉక్కు, అందులో 23,000 టన్నులు టాటా వారిది. ఇంత ఉక్కులో ఒక్క నట్టూ బోల్టూ లేదు, అన్నీ రివెట్లే. 1965లో రవీంద్రుడి పేరు పెట్టారు, జనం మాత్రం పాత పేరే పిలుస్తున్నారు. పంతులు ఇదంతా చెబుతుండగానే ఖజాంచి ఫోను తీసి, ఉమ్మడి డబ్బులో 140 రూపాయలు తేలడం లేదన్నాడు. అమృత్‌సర్‌లో లస్సీ ఎవరు రెండోది తాగారు? రుషీకేశ్‌లో ఆటోవాడికి చిల్లర ఎవరిచ్చారు? నేనేనన్నాను. నువ్వు ఇచ్చింది నాకు కనబడలేదన్నాడు. కనబడకపోతే ఇవ్వనట్టేనా అన్నాను. రోజుకు లక్షల మంది నడిచే ఆ వంతెన మీద, బుట్టలు నెత్తిన పెట్టుకుని పరుగులాంటి నడక నడుస్తున్న కూలీలకు అడ్డంగా నిలబడి, నలుగురం అరగంట సేపు లస్సీ గురించి విచారణ జరిపాం. వదులు కావడానికి ఆ వంతెనకు బోల్టులే లేవు. మా స్నేహానికి ఉన్నాయి.

గొడవ చల్లార్చడానికి పంతులు ఫోనులో ఇంకో సంగతి చదివి వినిపించాడు. అదే హౌరా వైపు శిబ్‌పూర్ బొటానికల్ గార్డెన్‌లో ఒక మహా మర్రి ఉందట. అసలు మాను జబ్బు చేస్తే 1925లో తీసేశారు. అయినా వేల ఊడల మీద చెట్టు ఇప్పటికీ నిలబడే ఉంది, పైగా ఏటా ఇంకా ఇంకా పాకుతోంది. మా ఉమ్మడి నిధి కూడా అలాంటిదేనన్నాడు ఖజాంచి. అసలు ఎప్పుడో పోయింది, ఎవరు ఎవరికి బాకీ అన్న ఊడలు మాత్రం పాకుతున్నాయి.

మధ్యాహ్నానికి మా దర్శనీయ స్థలాల పట్టికలో మొదటి స్థానం సంపాదించినది ఏమిటో చెబితే చరిత్రకారులు నొచ్చుకుంటారు. ఇడ్లీ. ఇరవై రోజులుగా పరాఠాలు తిన్న నాలుక ఇక ఒప్పుకోలేదు. లేక్ మార్కెట్ ప్రాంతంలో దక్షిణాది వాళ్ళు ఉంటారు, అక్కడ మన టిఫిన్లు దొరుకుతాయని ఎవరో చెప్పారు. దానికి దిగవలసిన స్టేషన్ కాళీఘాట్. అమ్మవారి గుడీ ఆ దగ్గరలోనే ఉంది. అప్పటివరకు ఎవరికీ గుర్తురాని భక్తి నలుగురికీ ఒకేసారి పుట్టుకొచ్చింది.

హౌరా నుంచి మెట్రో ఎక్కాం. దేశంలో మొదటి మెట్రో 1984లో ఈ ఊళ్ళోనే నడిచింది. 2024 మార్చి నుంచి నది అడుగున కూడా నడుస్తోంది. పైన హుగ్లీ పారుతుంటే కింద రైలు ముప్పావు నిమిషంలో దాటేస్తుంది. పిల్లల్ని ఎత్తుకుని తల్లిదండ్రులు ఆ ముప్పావు నిమిషం కోసమే ఎక్కుతున్నారు. నేను కునికాను. లేచి, నది వచ్చిందా అని అడిగితే, వెళ్ళిపోయిందన్నారు.

ఇడ్లీ మాత్రం నిజంగా బాగుంది. గంటన్నర కూర్చున్నాం. నలుగురికీ రెండే ప్లగ్గులు దొరికితే ఫోన్లు వంతులవారీగా పెట్టుకున్నాం. ఆవపెట్టిన చేపల కూరకు పేరుపడిన నగరంలో సాంబారు మూడోసారి పోయించుకుంటూ, కలకత్తా మరీ చెడ్డ ఊరేమీ కాదని మొదటిసారి ఒప్పుకున్నాం. అమ్మవారి గుడికి వెళ్ళే సమయం మిగలలేదు. మన పైడితల్లమ్మకు ఆవిడ తోబుట్టువే కదా, ఇంటికి వెళ్ళాక ఈవిడకు దండం పెడితే ఆవిడకు చేరుతుందని మోకాలివాడు ధర్మశాస్త్రం చెప్పాడు.

కొనుగోళ్ళు ఖజాంచి అనుమతించిన మేరకు జరిగాయి. అంటే ఒక డబ్బా రసగుల్లాలు. ఇది మాదంటే మాదని రెండు రాష్ట్రాలు తగవుపడి, 2017లో బెంగాల్ వారు, 2019లో ఒడిశావారు చెరో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నారు. మేము ఆ రాత్రి డబ్బా బెంగాల్‌లో తెరిచి, తెల్లవారాక ఒడిశాలో ఖాళీ చేసి ఇద్దరికీ సమన్యాయం చేశాం. ఇంట్లోవాళ్ళకు పాకం మిగిలింది.

ఊరు చేరాక అసలు దారుణం జరిగింది. టీకొట్టు దగ్గర అందరూ చుట్టూ చేరారు. మనాలి గురించి అడిగితే ఆరు వందల ఫోటోలు చూపించాం. కలకత్తావి పదకొండు తేలాయి. అందులో నాలుగు స్టేషన్ బోర్డు మీద రైలు పేరు, ప్లాట్‌ఫారం సంఖ్య సరిచూసుకోవడానికి తీసినవి. రెండు ఇడ్లీవి. "మరి కలకత్తా ఎలా ఉంది?" అని ఎవరో అడిగారు. నలుగురం ఒక్క గొంతుతో తీర్పు ఇచ్చాం. "బాగానే ఉంటుంది గానీ, పెద్దగా చూసేదేమీ లేదు."

అప్పీలుకు తావులేని తీర్పు. మా మాట విని ఆ ఏడాది మా వీధిలో ఇద్దరు కలకత్తా ప్రయాణం మానుకున్నారు.

కాబట్టి ప్రభుత్వానికి నా విన్నపం ఏమిటంటే, యాత్రలన్నీ వెనకనుంచి మొదలుపెట్టాలని చట్టం తేవాలి. ఆఖరున చూడవలసిన నగరాన్ని మొదట చూడాలి, కాళ్ళలో సత్తువ, జేబులో డబ్బు, స్నేహితుల మీద ప్రేమ ఉండగానే. ముసాయిదా ఖజాంచికి చూపించాను. చదివి, అప్పుడు ఆఖరున మనాలి వస్తుంది కదరా, దానికి ఎవరు న్యాయం చేస్తారని అడిగాడు. 140 రూపాయలు తేల్చలేనివాడు చట్టంలో లొసుగు మాత్రం క్షణంలో పట్టాడు. ముసాయిదా ప్రస్తుతానికి పెండింగులో ఉంది.

అది పెండింగులో ఉండగానే, మొన్న మా విజయనగరం కోట ముందు ఇద్దరు కుర్రాళ్ళు కనిపించారు. వీపున సంచులు, ఒకదాని నోటికి తాడు. చూడగానే నా రక్తసంబంధీకుల్లా అనిపించారు. అరకు, బొర్రా గుహలు తిరిగి వస్తున్న బెంగాలీలు, రాత్రి హౌరా రైలు పట్టుకోవాలి. మధ్యలో రెండు గంటలు మిగిలితే ఊళ్ళోకి వచ్చారట. ప్రాయశ్చిత్తానికి దేవుడు పంపిన అవకాశం అనుకున్నాను. నాకు వచ్చిన హిందీ అంతా కూడగట్టుకుని చెప్పడం మొదలుపెట్టాను. 1713లో, విజయ నామ సంవత్సరంలో, విజయదశమి నాడు, జయవారమైన మంగళవారం, విజయరామరాజు పేరున ఈ కోటకు పునాది వేశారని చెబుతారు, విజయాలన్నీ ఒక్కచోట చేరిన ముహూర్తం అన్నాను. ఒకడు కోట గోడను తలెత్తి చూశాడు. గోల్కొండ చూసేశామన్నాడు.

సంగీత కళాశాల గురించి చెప్పాను. 1919లో పెట్టారు, మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు అన్నాను. రెండోవాడు మర్యాదగా తల ఊపి, ఇక్కడ చేపల పులుసూ అన్నం ఎక్కడ దొరుకుతుందని అడిగాడు. దసరా వెళ్ళిన మంగళవారం వస్తే పైడితల్లమ్మ సిరిమాను ఉత్సవం చూడవచ్చు, ఊరు ఊరంతా కోట ముందే ఉంటుందన్నాను. ఇవాళ ఏ వారమని ఒకరినొకరు అడిగారు. ఫోను పెట్టుకోవడానికి ప్లగ్గు ఉన్న హోటలు ఏదైనా ఉందా అన్నారు.

పట్టువదలకుండా గంటస్తంభం దాకా నడిపించాను. 1885లో కట్టినది, ఊరంతా తలెత్తి దీన్నిబట్టే వేళ తెలుసుకునేదని వివరిస్తుండగా, ఒకడు సరిగ్గా దాని నీడలో నిలబడి జేబులోంచి ఫోను తీసి టైము చూసుకున్నాడు.