బెంగళూరు చలికి డీజిల్ గడ్డకడుతుందా? ఆ ఆడియోకి నా జవాబు

పోయిన డిసెంబరులో ఒకరోజు తెల్లవారుజామున ఐదింటికి నెలమంగల నుంచి మా అక్క కొడుకు ఫోన్ చేశాడు. "మామా, బండి స్టార్ట్ కావట్లేదు, డీజిల్ గడ్డకట్టేసింది. కిరోసిన్ ఎక్కడ దొరుకుతుంది?" ఆ పూట చలి 14 డిగ్రీలు. స్వెట్టర్ వేసుకునే చలే గానీ డీజిల్ గడ్డకట్టే చలి కాదు. ఎవరు చెప్పారురా అంటే, గ్రూపులో ఆడియో వచ్చింది అన్నాడు.

ఆ ఆడియో మీరూ వినే ఉంటారు. బెంగళూరు చుట్టుపక్కల పీణ్య, యశవంతపుర, నెలమంగల లారీ స్టాండ్లలో తిరిగే మన హిందూపురం, అనంతపురం, మదనపల్లె వాళ్ళ గ్రూపులన్నిటికీ పాకింది. అందులో మాట్లాడే పెద్దమనిషి చెప్పేది ఇదీ: చలికాలంలో బెంగళూరులో కూడా డీజిల్ గడ్డకడుతుంది, పొద్దున స్టార్ట్ కాకపోతే కారణం అదే, వంద లీటర్లకు పది లీటర్ల కిరోసిన్ గానీ, అది దొరక్కపోతే పెట్రోల్ గానీ కలపాలి, ఉత్తరాదికి వెళ్ళి అక్కడ గడ్డకడితే ట్యాంక్ కింద మంట పెట్టాలి, లేదా గడ్డకట్టిన తర్వాత డీజిల్‌లో కలపడానికి బజారులో అమ్మే మందు పోస్తే ఐదు నిమిషాల్లో కరిగిపోతుంది, యాడ్‌బ్లూ (పొగను శుభ్రం చెయ్యడానికి వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రావణం) గడ్డకడితే అందులో వేడినీళ్ళు పోయాలి, రాత్రంతా ఇంజిన్ ఆపకూడదు, ఆయిల్ కంపెనీలు దీనికి ఏమీ చెయ్యవు. నేను పదిహేనేళ్ళు మెకానిక్‌గా చేసి, ఇప్పుడు రెండు లారీలు తిప్పుకుంటున్నవాణ్ణి. ఆయన మాటల్లో అబద్ధం ఎంత ఉందో, పాతబడిన నిజం కూడా అంతే ఉంది. అందుకే జనం నమ్ముతున్నారు.

ముందు బెంగళూరు సంగతి. డీజిల్‌లో సహజంగానే కొంత మైనం ఉంటుంది. చలి పెరిగేకొద్దీ అది నెయ్యి పూస కట్టినట్టు సన్నగా పలుకులు కడుతుంది. డీజిల్ ఇంకా పారుతూనే ఉంటుంది, కానీ ఆ పలుకులు పోయి ఫిల్టర్ కాగితానికి పట్టుకుంటాయి. మొత్తం డీజిల్ గడ్డగా మారడం చాలా తర్వాతి మాట. బండి ఆగేది ఫిల్టర్ మూసుకుపోయి. మన దేశపు ప్రమాణం ప్రకారం ఫిల్టర్ మూసుకుపోయే ఈ ఉష్ణోగ్రత చలికాలపు డీజిల్‌కి 6 డిగ్రీలు, వేసవి డీజిల్‌కి 18 డిగ్రీలు దాటకూడదు. ఆడియోలో ఆయన ఈ 18ని పట్టుకుని, చూశారా మనకు 14 అన్నాడు. ఆ అంకె గరిష్ట హద్దు మాత్రమే. బంకులో పోసే ప్రతి చుక్కా 18 దగ్గర మైనం కడుతుందని దాని అర్థం కాదు. బెంగళూరులో రికార్డయిన అతి తక్కువ ఉష్ణోగ్రత 7.8 డిగ్రీలు, అది కూడా 1884 జనవరి 13న. ఇంకా అనుమానం ఉంటే డిసెంబరులో ఏ బీఎంటీసీ సిటీ బస్సుల డిపో దగ్గరైనా తెల్లారి నాలుగున్నరకు నిలబడి చూడండి. డీజిల్ బస్సులు వరసగా స్టార్ట్ అయి బయటికొస్తాయి. ఒక్కదాంట్లో కిరోసిన్ పోయరు.

మరి మావాడి బండి ఎందుకు స్టార్ట్ కాలేదు? సెల్ఫ్ ఎలా తిరుగుతోందిరా అని అడిగాను. "బరువుగా తిరుగుతోంది మామా, రెండు చుట్లకే నీరసపడుతోంది." డీజిల్ తప్పయితే సెల్ఫ్ చలాకీగా తిరుగుతుంది, ఇంజిన్ మాత్రం అందుకోదు. లేదా అందుకుని, రెండు నిమిషాలు ఆడి, పికప్ పడిపోయి ఆగిపోతుంది. సెల్ఫే మూలుగుతుంటే అది బ్యాటరీ. 14 డిగ్రీలకు కొత్త బ్యాటరీకి ఏమీ కాదు, నాలుగేళ్ళ పాత బ్యాటరీకి ఆ కాస్త చలే చాలు. సెల్ఫ్ బాగా తిరుగుతూ కూడా స్టార్ట్ కాకపోతే మన ఊళ్ళో ముందు చూడాల్సింది ఎయిర్ లాక్ (డీజిల్ పైపులో గాలి చేరడం), డీజిల్ నుంచి నీటిని వేరుచేసే వాటర్ సెపరేటర్‌లో నీళ్ళు, మార్చకుండా వదిలేసిన ఫిల్టర్.

ఇప్పుడు కిరోసిన్. ఇందులోనే పాత నిజం ఉంది. కిరోసిన్‌లో మైనం తక్కువ కాబట్టి, అది కలిస్తే డీజిల్ ఇంకొంత చలిని తట్టుకుంటుంది. పాత పంపు ఇంజిన్ల కాలంలో కొండదారి డ్రైవర్లు ఈ పని చేశారు, బండ్లూ నడిచాయి. నాకు పని నేర్పిన మేస్త్రీ కూడా చెప్పేవాడు. కానీ ఆ పంపు వేరు. ఇప్పటి కామన్ రైల్ ఇంజిన్‌లో, అంటే ఒకే గొట్టం (రైల్) నుంచి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లన్నిటికీ అందే ఇంజిన్‌లో, పీడనం వెయ్యి బార్లు (మామూలు గాలి పీడనానికి సుమారు వెయ్యి రెట్లు) దాటి పోతుంది. చాలా బండ్లలో ఆ హైప్రెషర్ పంపుకి వేరే ఆయిల్ ఉండదు, దానిగుండా పారే డీజిలే దానికి నూనె. కిరోసిన్‌కి ఆ జిడ్డు తక్కువ. పంపు లోపల అరిగి, ఇనుప రజను రాలి, రైల్లోకీ అక్కణ్ణుంచి ఇంజెక్టర్లలోకీ పోతుంది. నా బండికే జరిగింది. ఆపిల్ లోడు కోసం ఉత్తరాది కొండలకు వెళ్ళిన డ్రైవర్ దారిలో ఎవరో చెప్పారని రెండుసార్లు కలిపాడు. తిరిగొచ్చిన నెలకు పంపు, ఆరు ఇంజెక్టర్లు, ట్యాంక్ కడగడం అన్నీ కలిపి బిల్లు రెండు లక్షలు దాటింది. డ్రైవర్ని ఏమనగలం, నేనూ ఒకప్పుడు అదే నేర్చుకున్నవాణ్ణి.

గంధకం సంగతి కూడా ఉంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్ 6 (బండి పొగకు మన దేశపు ప్రమాణం) డీజిల్‌లో గంధకం 10 పీపీఎం, అంటే పది లక్షల పాళ్ళలో పది పాళ్ళు, మించకూడదు. కిరోసిన్‌కి అంత గట్టి కట్టుబాటు లేదు. సైలెన్సర్ వైపు పొగను శుభ్రం చేసే ఉత్ప్రేరకాలు దీంతో పాడయ్యే ప్రమాదం ఉంది. పైగా రేషన్ కిరోసిన్‌కి నీలం రంగు కలిపేది అది డీజిల్‌లో కలిస్తే పట్టుకోవడానికే. చెకింగులో దొరికితే కేసు.

పెట్రోల్ మాటకు వివరణే అక్కర్లేదు. డీజిల్ కనీసం 35 డిగ్రీలైనా వేడెక్కితే తప్ప అంటుకునేంత ఆవిరి రాకూడదని ప్రమాణం. పెట్రోల్‌కి ఆ ఆవిరి మైనస్ 40 దగ్గరే వస్తుంది. అలాంటిది కలిపిన ట్యాంక్ కింద ఆ ఆడియోలోనే మంట పెట్టమంటున్నాడు. రెండు చిట్కాలూ ఒకే బండికి చేస్తే ఏమవుతుందో ఆయన ఆలోచించినట్టు లేదు.

పెట్రోల్ లేకపోయినా మంట తప్పే. చాసిస్ పక్కనే బ్రేకు గాలి పోయే నైలాన్ పైపులు, డీజిల్ లైన్లు, వైరింగ్ ఉంటాయి. సగం కాలిన బ్రేకు పైపుతో ఘాట్ దిగడం కంటే అక్కడే ఒకరోజు ఆగిపోవడం మేలు. చెయ్యాల్సింది మెల్లగా చెయ్యాలి: సెల్ఫ్ కొట్టడం ఆపండి, ఎందుకంటే డీజిల్ రాకుండా తిరిగే పంపు పొడిగా అరుగుతుంది, బ్యాటరీ కూడా దిగిపోతుంది. బండిని ఎండ తగిలే చోటుకో షెడ్డులోకో లాగించండి. వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డ ఫిల్టర్ చుట్టూ చుట్టి, చల్లారేకొద్దీ మార్చండి. అన్నిటికంటే పనికొచ్చేది బండిలో ఉన్న కొత్త ఫిల్టర్. అది మార్చి, చేతి ప్రైమర్‌తో (చేత్తో డీజిల్ తోడే చిన్న పంపు) ఎయిర్ తీసి, అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. నా బండ్లు జమ్మూ వైపు వెళ్తే సీటు వెనక రెండు ఫిల్టర్లు ఉంటాయి.

మందు విషయంలో ఆయన వరస తలకిందులు చేశాడు. బజారులో దొరికే యాంటీ జెల్ మందులు చాలావరకు మైనం పలుకులు పెద్దవి కాకుండా చూసేవి. డీజిల్ ఇంకా తేటగా ఉన్నప్పుడే, నింపే ముందే పోయాలి, అప్పుడే బాగా కలుస్తుంది. కట్టేసిన మైనాన్ని అవి కరిగించలేవు. కరిగించే మందులు వేరే ఉన్నాయి. వాటిని కూడా ట్యాంక్‌లో పోసి కూర్చుంటే మూసుకుపోయిన ఫిల్టర్‌కి చేరవు, ఫిల్టర్‌లోనూ పోయాలి. ఐదు నిమిషాల్లో పని అయిపోదు.

యాడ్‌బ్లూలో యూరియా 32.5 శాతం, మిగతాది శుద్ధమైన నీరు. మైనస్ 11 దగ్గర గడ్డకడుతుంది. కట్టనివ్వండి. ఇంజిన్ దానికోసం ఆగదు, కూలెంట్ వేడికి అదే కరుగుతుంది. వేడినీళ్ళు పోస్తే యూరియా పలచబడి, కంప్యూటర్ తప్పు పట్టి, బండి పవర్ తగ్గించేస్తుంది.

రాత్రంతా ఇంజిన్ ఆన్‌లో పెట్టి క్యాబిన్ అద్దాలు మూసుకుని పడుకోవడం, బొగ్గుల కుంపటి లోపల పెట్టుకోవడం, ఈ రెండూ ప్రాణాలు తీస్తాయి. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువుకి వాసన ఉండదు.

కంపెనీలు ఏమీ చెయ్యవన్నది కూడా తప్పే. 2019 నవంబరులో ఇండియన్ ఆయిల్ లదాఖ్ కోసం వింటర్ గ్రేడ్ డీజిల్ తెచ్చింది. పానిపట్ రిఫైనరీలో తయారవుతుంది, మైనస్ 33 దాకా పారుతుంది. అసలు ఆడియోలో చెప్పాల్సి ఉండీ చెప్పనిది ఇక్కడే ఉంది. 400 లీటర్ల ట్యాంకున్న బండి లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చినా 1600 పోతుంది. కింద మైదానాల్లో నింపిన డీజిల్ అలాగే కొండెక్కుతుంది. గడ్డకట్టేది ఎక్కువగా అదే. కాబట్టి ట్యాంక్ అడుగంటేలా చూసుకుని పైకి వెళ్ళి, అక్కడి బంకులో అక్కడి డీజిల్ పోయించుకోవాలి. రాత్రి ఆగేముందు ట్యాంక్ నింపితే లోపల గాలిలోని తేమ నీరుగా దిగడం కూడా తగ్గుతుంది.

మావాడికి ఆ రోజు ఇదంతా చెప్పలేదు. పక్క లారీ నుంచి జంపర్ వైరు తగిలించమన్నాను. పెట్టగానే అందుకుంది. సాయంత్రానికి కొత్త బ్యాటరీలు వేశాం. కిరోసిన్ కోసం అప్పటికే ఎవరికో ఐదువందలు అడ్వాన్స్ ఇచ్చాడట, అది తిరిగొచ్చిందో లేదో ఇంతవరకు చెప్పలేదు.