బొబ్బిలి కోట మా ఊళ్ళో ఇంకా పడలేదు

ఉత్సవాల్లో బుర్రకథకు అన్యాయం జరిగిపోతోందని మా ఊళ్ళో ఈమధ్య కొందరు గొణుగుతున్నారు. గిట్టనివాళ్ళ మాటలవి. పెట్రోమాక్సు లైట్ల కాలంలో పేరున్న కథకుడు వచ్చాడంటే రాత్రి భోజనాలయ్యాక మొదలుపెట్టి తెల్లారగట్ల దాకా చెప్పేవాడు. పెద్ద కథయితే రెండు మూడు రాత్రులు పట్టేది. అంత చెప్పినా ఆయన భుజాన పడ్డ శాలువాలెన్ని? మహా అయితే ఒకటి, అదీ ఊరి పెద్ద కప్పితే. ఇప్పుడు కథ ఇరవై నిమిషాలు, శాలువాలు పద్దెనిమిది. దీన్ని అభివృద్ధి అనకపోతే ఇంకేమనాలి?

ఇదేదో వాటంతటవే కుదిరిన అంకెలనుకునేరు. కమిటీ ఎంత పకడ్బందీగా లెక్క వేస్తుందో చూడండి. సభ ఆరున్నరకని కరపత్రంలో వేస్తారు, ముఖ్య అతిథి ఎనిమిదికి వస్తారు. జ్యోతి వెలిగించడానికి పన్నెండు నిమిషాలు. కుందెలో ఒత్తులు ఐదు, అతిథులు తొమ్మిది మంది. ఒత్తుల్ని ముందే నూనెలో నానబెట్టి కొసకు కాస్త కర్పూరం అద్దితే అగ్గిపుల్ల చూపించగానే అంటుకుంటాయి. అలా కాకుండా పొడి ఒత్తుల్ని అప్పటికప్పుడు నూనెలో వేస్తారు కాబట్టి కొస చుర్రుమని కాలి ఆరిపోతుంది. పైగా అతిథులకు చెమట పట్టకూడదని పెట్టిన స్టాండు ఫ్యాను సరిగ్గా కుందె వైపే తిరిగి ఉంటుంది. ఫ్యాను ఆపితే సరిపోతుంది కదా అని అడిగినవాణ్ణి మరుసటి ఏడాది కమిటీలోంచి తీసేస్తారు.

తర్వాత సన్మానం. పద్దెనిమిది సంఘాలు, సంఘానికి నిమిషంన్నర. పేరు పిలవాలి, ఆ సంఘంవాళ్ళు వెనక కుర్చీల్లోంచి లేచి రావాలి, మెట్లెక్కాలి, శాలువా కవరు చింపాలి, ఫోటో అతను "సార్, కొంచెం ఇటు" అనాలి, కప్పిన శాలువా తీసి మళ్ళీ కప్పాలి. మొత్తం ఇరవై ఏడు నిమిషాలు. తొమ్మిది ప్రసంగాలు, తలా ఆరు నిమిషాలు, యాభై నాలుగు. "సమయాభావం వల్ల రెండే రెండు ముక్కలు" అని మొదలుపెట్టేవారికి ఇంకో రెండు నిమిషాలు కలుపుకోవాలి గానీ, వాళ్ళను లెక్కలోంచి వదిలేద్దాం. అప్పటికి గడియారం తొమ్మిదీ ముప్ఫై మూడు. మైకులు సర్దడానికి ఏడు నిమిషాలు పోతే తొమ్మిదీ నలభైకి తంబుర మోగుతుంది.

పదింటికి మైకు కట్టేయాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనల ప్రకారం ఆరుబయట రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా లౌడ్‌స్పీకరు మోగకూడదు. పండగలకూ సాంస్కృతిక కార్యక్రమాలకూ రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించవచ్చని కూడా అందులోనే ఉంది. మన తేదీ ఆ రోజుల్లో పడిందో లేదో ముందుగా చూసుకుంటే రెండు గంటలు కలిసొస్తాయి. కానీ ఆ పని చూడాల్సినవాళ్ళు ఫ్లెక్సీలో ఎవరి ఫోటో ఎవరి పక్కన ఉండాలో తేల్చే పనిలో ఉంటారు. కథకుడి ఫోటో విషయంలో ఏ గొడవా రాదు. అది కింద మూలన, ఫ్లెక్సీ ప్రింటింగువాళ్ళ ఫోను నంబరు పైన, తపాలా బిళ్ళంత ఉంటుంది.

చేతికొచ్చిన ఆ ఇరవై నిమిషాలైనా కథ సరిగ్గా వినపడితే మళ్ళీ రేపు ఇంకాస్త కావాలంటారు జనం. ఆ ప్రమాదం రాకుండా సౌండువాళ్ళు కాపు కాస్తారు. బుర్రకథకుడు నిలబడి పాడే మనిషి కాడు. భుజాన తంబుర, చేతిలో అందెలు, కాళ్ళకు గజ్జెలు. రెండడుగులు ముందుకు వేస్తాడు, వెనక్కి వస్తాడు, గిర్రున తిరుగుతాడు. ఆయన ముందు స్టాండు మైకు పెడితే ముందుకొచ్చినప్పుడు చెవులు చిల్లులు పడతాయి, వెనక్కి వెళ్ళినప్పుడు పెదాలే కదులుతాయి. కాలరు మైకు పెడితే తంబుర బుర్ర దానికి రాసుకుని కథ పొడుగునా గరగర. చెవికి తగిలించుకునే మైకైతే రెండు బాధలూ తప్పుతాయి. అది ఉంది కూడా. యాంకరమ్మ పెట్టుకుని ఉంటుంది.

ఇక ఎకో. ముందు రోజు ఆర్కెస్ట్రాకు పెట్టిన ఎకోను తగ్గించకుండా వదిలేయడం మా ఊరి సంప్రదాయం. "తందాన తాన" ఒకసారి అంటే మూడుసార్లు తిరిగొస్తుంది. కథకుడికి రెండు పక్కలా నిలబడి అందుకునే వంతలు రాకపోయినా నడిచిపోతుందని ఒక పొదుపరి సభ్యుడు సూచించాడట, కొట్టిపారేయదగ్గ సూచన కాదు. పాటకు ఎకో కొంత నప్పుతుంది. వచనం దగ్గరకొచ్చేసరికే చిక్కు. బుర్రకథలో వచనం గుక్క తిప్పుకోకుండా పరుగెడుతుంది. ముందు మాట తోక వెనక మాట నెత్తిన పడి, కోట గోడలూ ఫిరంగులూ ఒకే ముద్దయి జనం మీద పడతాయి.

వంతలు వాయించే వాద్యాలు, అంటే గుమ్మెటల సంగతి చెప్పాలంటే కొంచెం ఓపిక కావాలి. గుమ్మెటకు మూసేది చర్మం. మంచుకు అది చెమ్మ పీల్చి వదులవుతుంది, ణంగుమనాల్సింది బద్దుమంటుంది. వెనకటికి పందిరి పక్కన చలిమంట ఉండేది. వంతలు మూతను మంటకు జానెడు దూరంలో పట్టి, తిప్పుతూ, మధ్యమధ్య వేలితో కొట్టి వింటూ కాచుకునేవారు. మరీ దగ్గర పెడితే అంచు దగ్గర చర్మం చిట్లుతుంది, మరీ దూరమైతే లాభం లేదు. తర్వాత మంటలు వద్దన్నారు. టెంటు గుడ్డకు అంటుకుంటుందని, అది సబబే. అప్పుడు వెయ్యి వాట్ల హాలోజన్ లైట్లు దేవుడిలా ఆదుకున్నాయి. స్టేజీ పక్కన లైటు ముందు గుమ్మెట పట్టుకుని కూర్చున్న వంతను చూసి పిల్లలు ఏదో పూజ అనుకునేవారు. ఇప్పుడున్నవి ఎల్‌ఈడీలు. ఎరుపు, నీలం, ఊదా, ఏ రంగు కావాలంటే ఆ రంగు వేస్తాయి. వేడి మాత్రం ఇవ్వవు. విద్యుత్తు ఆదా అయింది, గుమ్మెట గొంతు పోయింది. స్టేజీ చెక్కల మీద పరిచిన పచ్చ మ్యాటు గజ్జె కట్టిన పాదం చప్పుణ్ణి కూడా మింగేస్తుంది కాబట్టి తాళం పని దాదాపు పూర్తయినట్టే.

కమిటీకి అభ్యంతరం ఉన్నది నిజానికి చప్పుడు మీద కాదు. ఇద్దరు వంతల్లో ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. కథకుడు పాత కథ చెబుతుంటే రాజకీయం చెప్పే వంత దాన్ని నిన్నటి పేపరుకు ముడిపెడతాడు. అందుకే తాంబూలం ఇచ్చేటప్పుడే చెప్పేస్తారు: "రాజకీయాలు మాట్లాడొద్దండీ, అన్ని పార్టీలవాళ్ళూ వస్తారు." రాజకీయ వంత రాజకీయం మాట్లాడకుండా ఏం చేస్తాడు? మరుగుదొడ్డి కట్టుకోమంటాడు, దోమతెర వాడమంటాడు. మంచి మాటలే. 1940ల్లో కమ్యూనిస్టు ఉద్యమంతో నడిచిన ప్రజానాట్యమండలి దళాలు బుర్రకథ పట్టుకుని ఊళ్ళు తిరిగితే అటు నిజాం, ఇటు మద్రాసు ప్రభుత్వం నిషేధించాల్సి వచ్చింది. ఆ దళాల్లోంచి ఎదిగిన షేక్ నాజర్‌కు 1986లో పద్మశ్రీ ఇచ్చారు. కథ ఆపడానికి పోలీసుల్ని పంపడం ఎంత మోటు పద్ధతో ఇప్పుడు తెలుస్తోంది. మా కమిటీ అదే పని పద్దెనిమిది శాలువాలతో చేస్తోంది, పైగా ఆపించుకున్నాయన దండం పెట్టి వెళతాడు.

దీని ఫలితం చరిత్ర మీద కూడా పడింది. జనం ఏటా అడిగేది బొబ్బిలి కథే. ఇరవై నిమిషాల్లో ప్రార్థనకు మూడు పోతాయి. కమిటీ సభ్యుల పేర్లు వరసలో ఇరికించి పాడటానికి రెండు, ఇది ఒప్పందంలో భాగం. విజయనగరం రాజు విజయరామరాజుకూ బొబ్బిలికీ పగ ఎందుకొచ్చిందో చెప్పడానికి ఎనిమిది. విజయరామరాజు వైపున్న ఫ్రెంచి సేనాని బుస్సీ దొర ఫిరంగులతో బయల్దేరి కోట ముందు దిగేసరికి పదవుతుంది. యువజన సంఘం కుర్రాడొకడు స్టేజీ పక్కనుంచి గడియారం చూపిస్తాడు, కథకుడు మంగళం పాడతాడు. 1757లో ఒక్క పగటి యుద్ధంతో పడిపోయిన కోట మా ఊళ్ళో ఇన్నేళ్ళయినా చెక్కుచెదరలేదు. బొబ్బిలి రాజు రంగారావు క్షేమం, రాణి మల్లమ్మదేవి క్షేమం. బుస్సీ సైన్యం ఏటా వచ్చి కోట బయట విడిది చేసి, వందన సమర్పణ విని వెళ్ళిపోతుంది. బొబ్బిలి యుద్ధంలో ఎవరు గెలిచారని మా బడిపిల్లల్ని అడిగితే రాజీ అయిందంటారు.

ముందు కథ వదిలేసి నేరుగా యుద్ధంలో మొదలుపెట్టమని ఒకసారి అడిగి చూశారు. పగ తెలియనివాడికి యుద్ధం చూపిస్తే బాణసంచా చూసినట్టు చూస్తాడు, ఏడవడు అన్నాడట కథకుడు. కళాకారులకు సమయపాలన తెలియదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

పారితోషికం దగ్గర కూడా మర్యాదకు లోటు రానివ్వరు. చెక్కు మీద కథకుడి పేరుకు బదులు ఆ రాత్రే ఇచ్చిన బిరుదు రాస్తారు. "బుర్రకథా సార్వభౌమ" పేరుతో ఏ బ్యాంకులోనూ ఖాతా ఉండదు కాబట్టి అది వెనక్కి వస్తుంది. సరైన పేరుతో కొత్త చెక్కు కావాలంటే కోశాధికారి సంతకం కావాలి, ఆయన సాధారణంగా శబరిమలలో ఉంటాడు.

ఈ ఏడాది అతిథులు పదకొండు మంది, సంఘాలు ఇరవై రెండు అని వినికిడి. పాత రేట్ల ప్రకారమే కూడితే జ్యోతికి పన్నెండు, శాలువాలకు ముప్ఫై మూడు, మాటలకు అరవై ఆరు, మైకులకు ఏడు. తొమ్మిదీ యాభై ఎనిమిదికి తంబుర మోగుతుంది. ప్రార్థనలో కూడా ఒక నిమిషం కోసుకోవాల్సి వస్తుంది. బుస్సీకి ప్రయాణం కూడా తప్పుతుంది. కోటకు ఇక ఏ భయమూ లేదు. కోట పడ్డాక విజయరామరాజు మీద పగ తీర్చుకోవాల్సిన తాండ్ర పాపారాయుడే పాపం, రాజాంలో కూర్చుని ఇంకా కబురు కోసం చూస్తున్నాడు. కత్తి దించి భోంచేసి పడుకోవచ్చని ఎవరైనా వెళ్ళి చెబితే బాగుండు.